పేరు రాసే పుస్తకాలు: సెటిల్‌మెంటు హాజరు నుంచి ఆసుపత్రి రహస్య రిజిస్టరు దాకా

ఇది పొడుగు పోస్టు, తీరిక చూసుకొని చదవండి. సోషల్ వర్క్ చదువుతున్నవాళ్ళు, ఫీల్డ్‌వర్క్ పేరుతో కాలనీలకు, తండాలకు పోయే అక్కలు, అన్నలు మాత్రం ఆఖరు దాకా చదవాల.

కొన్ని నెలల కింద మన గ్రూపులో రక్తం కోసం ఒక పోస్టు పడింది, గుర్తుందా? బ్లడ్ గ్రూపు, ఆసుపత్రి, వార్డు, పేషెంటు పేరు, ఊరు, వాళ్ళ అక్క ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి అందులో. పెట్టింది మేమే. అరగంటలో ఇద్దరు తమ్ముళ్ళు బండి వేసుకొని పోయి రక్తం ఇచ్చి వచ్చినారు. ఆ పొద్దు మాకు గర్వంగానే ఉండింది. సాయంత్రానికి సంగతి వేరే దారి పట్టింది. పెండ్లి కాని పిల్లకు ఆ వార్డులో ఏం పని అని ఒకరు, ఆ ఊరోళ్ళు మాకు తెలుసులే అని ఇంకొకరు. రాత్రికి మాట రేణిగుంట దాటి వాళ్ళ కాలనీకి చేరింది. ఆ పిల్ల మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన మాత్రలు మింగి, రక్తం ఆగక ఆసుపత్రికి వచ్చింది. ప్రాణం దక్కింది. మూడు వారాలకు కాలేజీ మానేసింది.

ఆ పిల్లను ఆటోలో ఎక్కించుకొని పోయిన అక్క సోషల్ వర్క్ చదువుతా ఉండాది. తర్వాత ఆమె మమ్మల్ని ఒక మాట అడిగింది. "అన్నా, గోప్యత గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసినాను, మంచి మార్కులే పడినాయి. మీ పోస్టు చూసి నేనే లైక్ కొట్టినాను. తప్పని నాకు తోచనే లేదు. ఎందుకు తోచలేదంటావు?" ఆమె మమ్మల్ని తిట్టింటే బాగుండు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతా పోతే చాలా వెనక్కి పోవాల్సి వచ్చింది. అది రాసుకొచ్చినాము.

రేణిగుంట అంటే బయటోళ్ళకు జంక్షన్, ఇప్పుడు ఎయిర్‌పోర్టు. మన ఎరుకల కుటుంబాలకు ఈ పట్టాల కథ ఇంకోటి ఉంది. రైలు రాకముందు మనోళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి సీమ నుంచి ధాన్యం మోసి అమ్మినోళ్ళు. ఊరూరా తిరగడం అప్పుడు నేరం కాదు, వ్యాపారం. 19వ శతాబ్దంలో రైలు వచ్చి ఆ సరుకంతా ఎత్తుకుపోయింది. తెల్లోళ్ళ ఉప్పు విధానాలు మిగిలింది కాస్తా ఊడ్చేసినాయి. బతుకుదెరువు పోయినోడు తిరుగుతా ఉంటే దొంగ అన్నారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ విషయం మీద ఏండ్ల తరబడి పనిచేసినారు. మన పిల్లలు ఎవరైనా పరిశోధన వైపు పోతే ఆమె రాసింది తప్పక చదవండి.

నేరస్థ తెగల చట్టం 1871లో మొదట ఉత్తరాదికి వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు. మన చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ 1911లోనే. జిల్లాకు, మన మీద నిఘాకు ఒకే వయసు! ఆ చట్టం నడిచిందంతా ఒక పుస్తకం మీద. జిల్లా మేజిస్ట్రేటు ఆ తెగలో ఎవరెవరు ఉన్నారో పేర్లు రాయించాల. వేలిముద్రలు తీసుకోవాల. పేరెక్కినోడు చెప్పిన వేళకు పోయి హాజరు వేయించుకోవాల. ఇల్లు మారినా, ఊరు దాటినా తెలియజేయాల. ఊరి మునసబు, తలారి కూడా మనోళ్ళ కదలికలు పైకి చెప్పాలని చట్టంలోనే రాసినారు. అంటే మన గురించి ఎవరికి ఏం తెలిసినా చెప్పేయడం వాళ్ళ డ్యూటీ. మన గురించి దాచిపెట్టడం తప్పు.

ఆ పుస్తకం పట్టుకున్నోళ్ళందరూ పోలీసులు కారు. ఇదే ముఖ్యం. గుంటూరు సీమలో 1913 ప్రాంతంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చినారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనోళ్ళు చూసినారు. అక్కడ బడి ఉంది, మందులు ఉన్నాయి, పని ఉంది, ప్రార్థన ఉంది. హాజరు కూడా ఉంది. గేటు దాటాలంటే పాసు ఉండాల. ఆడోళ్ళు, పిల్లలు అందరూ ఆ లెక్కలోనే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా చట్టం ఇచ్చింది. వాళ్ళలో మంచి మనసున్నోళ్ళు లేరని మేము అనడం లేదు. జ్వరానికి మందు ఇచ్చే చెయ్యి, పేరు పిలిచి టిక్కు పెట్టే చెయ్యి ఒకటే అయింది అంటున్నాము. సమాజ సేవ అనేది మనోళ్ళు మొట్టమొదట చూసింది ఆ రూపంలో.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. ఆ తేదీని విముక్తి దినంగా మనం జరుపుకుంటాం. పేరు మార్చి అలవాటు నేరస్థుల చట్టం పెట్టినారు, అది వేరే పోస్టుకు సరిపోయే కథ. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య గారిలాంటోళ్ళు యానాదుల మధ్య జీవితమంతా పనిచేసినారు, ఆయనకు పద్మభూషణ్ కూడా వచ్చింది. అట్లాంటోళ్ళను చూసినాక సేవ అంటే మనోళ్ళకు కొంచెం వేరే అర్థం తెలిసింది. కానీ మన అవ్వలు, తాతలు ఆఫీసోళ్ళు పేరు అడిగితే ఇప్పటికీ ఇంకో పేరు చెప్తారు. మనం నవ్వుతాం. అది వాళ్ళకు తెలివితక్కువై కాదు.

అట్లని తప్పంతా బయటోళ్ళ మీదికి తోసేయలేం. మన కుల పంచాయతీల్లో ఎవరి కడుపు ఎవరిది, ఎవరు ఎవరితో లేచిపోయినారు అనేది చెట్టు కింద అందరి ముందర తేలాల్సిందే. తప్పు కట్టాలన్నా, కలుపుకోవాలన్నా బహిరంగంగానే. ఆడపిల్ల ఒంటి సంగతి ఆమె సొంతం అనే అలవాటు మనకు పంచాయతీ నేర్పలేదు, సర్కారు నేర్పలేదు. ఆ అక్క లైక్ ఎందుకు కొట్టిందో మాకు అక్కడ సగం తెలిసింది.

ఇంక రెండో పుస్తకం గురించి.

1860 నాటి శిక్షాస్మృతిలో 312వ సెక్షను ఉండింది. ఆడమనిషి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడం నేరం. మూడేండ్లు, కడుపులో కదలిక వచ్చినాక అయితే ఏడేండ్లు జైలు. తీసినోళ్ళకే కాదు, తీయించుకున్న ఆమెకూ అదే శిక్ష. మంత్రసానులు, నాటు మందులు, పుల్లలు, వీటి చాటున ఎంతమంది పోయినారో ఎవరూ లెక్క రాయలేదు. 1964లో కేంద్రం శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. 1966లో నివేదిక ఇచ్చినారు. ఆ బిల్లు 1969లో రాజ్యసభకు వచ్చింది. అప్పుడు ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ చూసింది శ్రీపతి చంద్రశేఖర్ అనే జనాభా శాస్త్రవేత్త. రాజమండ్రిలో పుట్టిన తెలుగాయన. గర్భస్రావాల మీద తర్వాత పుస్తకం కూడా రాసినాడు. మన దేశంలో ఈ చట్టం వెనక ఒక తెలుగాయన ఉన్నాడని మాకు ఇది రాస్తున్నప్పుడే తెలిసింది.

చట్టం 1971లో అయింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎంటీపీ చట్టం అంటారు. అయితే ఆనాటి పెద్దల మనసులో ఉన్నది జనాభా లెక్క, అక్రమంగా చేయించుకొని చచ్చిపోయే ఆడోళ్ళ లెక్క. ఆడమనిషి హక్కు అనే మాట ఆ చట్టంలో కనపడదు. నిర్ణయం డాక్టరుది. గర్భనిరోధకం పనిచేయక వచ్చిన కడుపు అనే కారణం కూడా పెండ్లయినామెకే రాసినారు, 'వివాహిత లేదా ఆమె భర్త' అని. ఆ వెనకే ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసినారు. పేదోళ్ళు, మనలాంటోళ్ళు ఆ టార్గెట్లకు ఎట్లా దొరికినారో పెద్దోళ్ళను అడగండి. ఇప్పటికీ కొన్ని చోట్ల అబార్షన్‌కు పోతే ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే చేస్తామనడం ఆ రోజుల వాసనే. అట్లా షరతు పెట్టకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే చెప్తున్నాయి.

ఇంత లోపాలున్న చట్టం కింద తయారైన నిబంధనల్లో ఒక మంచి పుస్తకం ఉంది. 1975లో వచ్చి, 2003లో మళ్ళీ రాసిన ఆ నిబంధనల ప్రకారం ప్రతి ఆసుపత్రిలో ఫారం 3 అనే అడ్మిషన్ రిజిస్టరు పెట్టాల. ఆమె పేరు, వయసు, చిరునామా, ఎన్ని వారాలు అనేది అందులో రాస్తారు. పేరు రాసేది అందులో ఒక్కచోటే. కేసు షీటు మీద, ఆపరేషన్ థియేటర్ పుస్తకంలో, మళ్ళీ చూపించుకునే కార్డు మీద పేరు ఉండకూడదు, రిజిస్టరులోని నంబరు మాత్రమే వేయాల. ఆమె ఒప్పుకొని సంతకం పెట్టిన కాగితం, డాక్టరు అభిప్రాయం రాసిన కాగితం కవరులో పెట్టి, అంటించి, పైన 'రహస్యం' అని రాసి ఆసుపత్రి పెద్ద దగ్గర భద్రపరచాల. రిజిస్టరు ఐదేండ్లు ఉంచాల. చట్ట ప్రకారం అధికారం ఉన్నోళ్ళు తప్ప దాన్ని ఎవరూ తెరవకూడదు. 2021 సవరణలో దీనికి పండ్లు కూడా పెట్టినారు. ఆమె పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మొదటి పుస్తకం పక్కన దీన్ని పెట్టి చూడండి. అందులో మనోళ్ళ పేరు ఎక్కితే ఊరంతటికీ తెలియాల. ఇందులో పేరు ఎక్కితే పక్క గదిలో నర్సుకు కూడా తెలియకూడదు. అదే సర్కారు, అదే గీతల కాగితం. మనోళ్ళకు మాత్రం ఈ రెండో పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. పేరు రాస్తారు అనగానే మన పిల్లలు వెనక్కి తిరిగి మందుల షాపు దారి పడతారు. ఈ తేడా చెప్పడమే సోషల్ వర్కర్ మొదటి పని అని మేము అనుకుంటున్నాము.

మధ్యలో ఒక నవ్వొచ్చే సంగతి. ఎంటీపీ చట్టం పుట్టినప్పటి నుంచి గర్భం తీయగలిగింది ఆర్ఎంపీ మాత్రమే అని రాసుంది. చట్టంలో ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టరైన మెడికల్ ప్రాక్టీషనర్, అంటే డిగ్రీ ఉండి, పేరు నమోదై, ఆ పనిలో అనుభవం లేదా శిక్షణ ఉన్న డాక్టరు. మన ఊర్లల్లో ఆర్ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు, సైకిలు మోటారు మీద బ్యాగు వేసుకొని సూదులు వేసే ఆయన. జ్వరానికి ఆయన్ను తప్పు పట్టే స్థితిలో మనం లేము. కానీ ఒక అవగాహన సమావేశంలో ఒకాయన చట్టంలో ఆర్ఎంపీ అనే ఉంది కదా అని మా ముందరే వాదించినాడు. నవ్వి ఊరుకునే మాట కాదు. ఆ ఒక్క పొరపాటుకు గర్భసంచి పోగొట్టుకున్నోళ్ళు ఉంటారు.

చట్టం తర్వాత కోర్టుల్లో ఎట్లా మారిందో మూడు కేసుల్లో చూడొచ్చు. మూడింట్లోనూ ఆ ఆడమనిషి పక్కన నిలబడినోళ్ళను చూడండి, తీర్పు ఆటంతట అదే అర్థమవుతుంది.

2009, చండీగఢ్. మానసిక ఎదుగుదల తక్కువున్న ఒక అనాథ యువతి సర్కారు హోములో ఉండగా, ఆ సర్కారు నీడలోనే అత్యాచారం జరిగి కడుపు వచ్చింది. అధికారులు ఆమె మంచికే అని గర్భం తీయించడానికి హైకోర్టుకు పోయినారు, హైకోర్టు సరే అంది. ఆమె మాత్రం బిడ్డ కావాలని చెప్తా ఉంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. మానసిక వ్యాధి వేరు, ఎదుగుదల లోపం వేరు, ఆమె ఒప్పుకోకుండా తీయడానికి లేదు, కనాలా వద్దా అనేది రాజ్యాంగం 21వ అధికరణం కింద ఆమె వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం అని చెప్పింది. సుచితా శ్రీవాస్తవ కేసు అంటారు. అబార్షన్ హక్కుకు పునాది అని చెప్పుకునే ఈ తీర్పు అసలు అబార్షన్ వద్దన్న ఆమెది! ఆమె తరఫున నిర్ణయం తీసుకున్నోళ్ళంతా ఆమె సంరక్షకులే.

2017, పాట్నా. రోడ్డు మీద బతికే ఒకామెను షెల్టర్ హోముకు తెచ్చినారు. అత్యాచారం వల్ల కడుపు, పైగా హెచ్ఐవీ. తీసేయమని ఆమె అడిగింది, అప్పటికి చట్టం చెప్పిన 20 వారాలు దాటలేదు. ఆమెకు 35 ఏండ్లు. ఆసుపత్రోళ్ళు నాయన సంతకం అన్నారు, వదిలేసిన మొగుడి సంతకం కూడా అన్నారు. కాగితాలు తిరిగి, కోర్టులు తిరిగి వారాలు గడిచిపోయినాయి. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి తీయడం ప్రమాదం అని డాక్టర్లు తేల్చినారు. ఆమెకు పది లక్షలు ఇమ్మని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. గడిచిపోయిన వారాలు పది లక్షలకు వెనక్కి రావు. భర్త సంతకం కావాలని ఎంటీపీ చట్టంలో 1971 నుంచి ఈ రోజు దాకా ఎక్కడా లేదు. 18 నిండిన ఆమె సంతకం ఒక్కటి చాలు. 18 లోపు వాళ్ళకు, మానసిక వ్యాధి ఉన్నోళ్ళకు మాత్రం సంరక్షకుల రాతపూర్వక ఒప్పుదల కావాల.

2022 సెప్టెంబరు 29, ఢిల్లీ కేసు. పెండ్లి కాని 25 ఏండ్ల అమ్మాయి, ఆమె స్నేహితుడు వదిలేసినాడు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని రకాల వాళ్ళకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చేయొచ్చు. అత్యాచార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినోళ్ళు లేదా విడాకులైనోళ్ళు, వికలాంగులు, వరదలు లాంటి విపత్తుల్లో చిక్కినోళ్ళు ఆ జాబితాలో ఉన్నారు. పెండ్లి కాలేదని ఆ లైను నుంచి ఎవరినీ తీసేయడం కుదరదని కోర్టు తేల్చింది. ఇంటోళ్ళ అనుమతి, ఇంకా ఏవో రుజువులు, కోర్టు ఆర్డరు అని చట్టంలో లేని షరతులు పెట్టొద్దని డాక్టర్లకు గట్టిగానే చెప్పింది.

24 దాటితే మెడికల్ బోర్డు, హైకోర్టు. రేణిగుంటలో రైలెక్కి అమరావతి దాకా పోవాల, వకీలును పెట్టుకోవాల. వారం అనేది మనకు క్యాలెండరులో గడి. ఆ పిల్లకు మాత్రం వారం గడిస్తే ఒక తలుపు మూసుకుంటుంది. 'ఇంకోసారి ఆలోచించుకో అమ్మా, వచ్చే వారం రా' అని మంచిగా చెప్పి పంపే సోషల్ వర్కరు ఆ తలుపు మూసే పనిలో ఒక చెయ్యి వేసినట్టే.

ఇప్పుడు సోషల్ వర్కర్ సంగతే తీసుకుందాం. ఈ వృత్తికి మన దేశంలో బడి 1936లో బొంబాయిలో టాటా వాళ్ళు పెట్టినారు. నీతి నియమావళి మాత్రం చాలా ఆలస్యంగా, 1997లో, అదే టాటా సంస్థలో అధ్యాపకులు కూర్చొని రాసుకున్నారు. మనిషి తన నిర్ణయం తాను తీసుకునే హక్కు, గోప్యత, అణగారినోళ్ళ పక్షం, ఇవి అందులో ఉన్నాయి. దాన్ని మీరినోళ్ళను పిలిచి అడిగే అధికారం ఆ కాగితానికి లేదు. డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది, వకీలు తప్పు చేస్తే బార్ కౌన్సిల్ ఉంది. కాలనీలో తిరిగే సోషల్ వర్కరు తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాల? ఎంటీపీ చట్టంలో గోప్యత శిక్ష కూడా డాక్టరుకే రాసుంది, పక్కన కూర్చున్న మనకు రాయలేదు. రాయలేదు కాబట్టి మనకు బాధ్యత లేదనుకోకూడదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పినారు. అయినా మన దగ్గర అదుపు చేసేది ఎక్కువగా మన మనసే అని ఒప్పుకోవాల.

అన్నిటికంటే కష్టమైంది మైనరు పిల్ల సంగతి. దీన్ని తప్పించుకొని రాసేదానికి మాకు మనసు రాలేదు. మనలో పదహారు, పదిహేడేండ్లకు పెండ్లిళ్ళు అవుతున్నాయి, ఇష్టపడి లేచిపోయేదీ ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు పిల్లతో లైంగిక సంబంధం నేరం, ఆమె ఒప్పుకున్నా నేరమే. 2017 అక్టోబరు తీర్పు తర్వాత పెండ్లి చేసుకున్న భర్తకు కూడా మినహాయింపు పోయింది. 19వ సెక్షను ప్రకారం ఇట్లాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాల. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు ఉంది. ఎవరైనా అంటే సోషల్ వర్కరు కూడా, ఫీల్డ్‌వర్కుకు పోయిన విద్యార్థి కూడా. 2022 తీర్పులో కోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరు, వివరాలు చెప్పనక్కర లేదు. ఆ వెసులుబాటు డాక్టరుకు. మన పేరు అందులో లేదు.

మరి ఏం చేయాల? మేము వకీళ్ళం కాదు. మాకు తెలిసినంతలో తోవ ఇది. ఆ పిల్ల నోరు తెరవకముందే చెప్పేయాల, 'చూడమ్మా, నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పను, కానీ నీకు 18 నిండకపోతే చట్టం నన్ను కొన్ని చెప్పమంటుంది' అని. అంతా విని, కడుపులో పెట్టుకుంటానని మాట ఇచ్చి, తర్వాత స్టేషనుకు పోవడం కంటే మోసం ఇంకోటి లేదు. మనోళ్ళకు స్టేషన్ అంటే ఏందో పైన రాసినాము. ఆ భయంతోనే పిల్లలు దాక్కుంటారు, నెలలు దాటిపోతాయి. కాబట్టి ఆలస్యం చేయకుండా సర్కారు ఆసుపత్రి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం, 2022 తీర్పు సంగతి ఆ పిల్లకు, వాళ్ళ అమ్మకు ముందే చెప్పడం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత వకీలును అడగడం. ఎస్టీలకు, ఆడోళ్ళకు ఆ సాయం 1987 చట్టం కింద ఊరికే వస్తుంది. సఖి కేంద్రానికి 181కి ఫోన్ చేయొచ్చు. ఇంకోటి, అత్యాచారం జరిగి, చేసినోడు మన ఎస్సీ, ఎస్టీలు కానోడైతే అట్రాసిటీ చట్టం కూడా ఉంటుంది. పెద్ద మనుషుల ముందర డబ్బులకు రాజీ చేయించడం సోషల్ వర్కు కాదు, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా సరే.

ఇంక నమ్మకాల మాట. మన గ్రూపులో కూడా కడుపు తీయడం పాపం అనుకునేవాళ్ళు ఉన్నారు. మేము వాళ్ళతో వాదానికి దిగడం లేదు. ఇంగ్లండులో 1967 చట్టం ఆ పనిలో పాలుపంచుకోవడం ఇష్టం లేనోళ్ళకు మినహాయింపు ఇచ్చింది. స్కాట్లాండు నుంచి ఇద్దరు మంత్రసాని సూపర్‌వైజర్లు మేము డ్యూటీలు కూడా వేయమని కోర్టుకు పోతే, 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆ మినహాయింపు స్వయంగా చేతులు పెట్టే పనికే అని చెప్పింది. మన చట్టంలో అట్లాంటి వాక్యం సోషల్ వర్కర్లకు లేదు, ఎందుకంటే మనం చేతులు పెట్టే పనే లేదు. మనం చేసేది దారి చెప్పడం. నీకు ఇష్టం లేకపోతే అదే రోజు ఇంకో అక్కకు అప్పజెప్పు, తప్పు లేదు. దారి మాత్రం దాచిపెట్టొద్దు, తప్పు చెప్పొద్దు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. అబార్షన్‌కు సాయం చేసినోళ్ళ మీద దారిన పోయే ఎవరైనా దావా వేయొచ్చు. ఊర్లో మునసబు, తలారి మన కదలికలు పైకి చెప్పాలని రాసిన 1911 మద్రాసు మాకు గుర్తొచ్చింది. ఇక్కడ మనకు అంత భయం లేదు. 18 నిండిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయే అక్క ఏ నేరమూ చేయడం లేదు, ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పొచ్చు.

ఇప్పుడు మా తప్పు దగ్గరికి వస్తాము. ఆ పోస్టులో పెట్టిన పిల్ల 18 నిండినామె. అది నేరం కిందికి వస్తుందో రాదో మేము అడగలేదు, ఆ పిల్లకు జరిగింది ఎట్లా ఉన్నా జరిగిపోయింది. ఒకవేళ మైనరై ఉంటే, లేదా అత్యాచార కేసు అయి ఉంటే, పేరు బయటపెట్టినందుకు రెండేండ్ల దాకా శిక్ష ఉంది. పాత శిక్షాస్మృతిలో 228-ఎ, 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహితలో 72వ సెక్షను. గ్రూపులో పెట్టడం ప్రచురించడం కిందికి రాదని ఎవరూ ధైర్యంగా ఉండొద్దు.

అడ్మిన్లు అందరం కూర్చొని మాట్లాడుకున్నాము. ఇక మీదట రక్తం కావాలంటే బ్లడ్ గ్రూపు, బ్లడ్ బ్యాంకు పేరు, మాలో ఒకరి ఫోన్ నంబరు, అంతే. పేషెంటు పేరు వద్దు, ఊరు వద్దు, వార్డు వద్దు, జబ్బు వద్దు. ఫోన్ చేసినోళ్ళు ఎవరికమ్మా అని అడిగితే మనిషికి అని చెప్తాము. ఫీల్డ్‌వర్కు రిపోర్టుల్లో అసలు పేర్లు రాసి గ్రూపులో మోడల్ కోసం పంచుకుంటున్నారు, అవి కూడా ఆపండి. రిపోర్టు మీ చేతిలోది రెండో రకం పుస్తకం. నంబరు వేసుకోండి.

ఆ పిల్ల ఇంటికి పోయి వచ్చినాము. మేము వస్తామంటే వాళ్ళ అక్క మొదట వద్దనింది, తర్వాత రమ్మనింది. పిల్ల మాతో మాట్లాడలేదు. వచ్చే జూన్‌లో వేరే కాలేజీలో చేరాలని ఉందంట, వాళ్ళ అక్క చెప్పింది, ఏ కాలేజీయో మేము అడగలేదు. పాత పోస్టు గ్రూపులో నుంచి తీసేసినాము. కానీ చాలామంది స్క్రీన్‌షాట్ తీసి పంపుకున్నారు, అది ఇంకా తిరుగుతా ఉండాది. మీ ఫోన్ గ్యాలరీలో ఉంటే ఇప్పుడే తీసేయండి. మీరు ఎవరికి పంపినారో వాళ్ళకు కూడా ఫోన్ చేసి చెప్పండి.